ఆన్‌లైన్ బహుళ పాత్రపోషణ ఆటలు: ఎంపిక, సమయ కేటాయింపు

అనేకమంది అంతర్జాలం ద్వారా ఒకే కల్పిత లోకంలో ఏకకాలంలో ప్రవేశించి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి ఆడే కంప్యూటర్ ఆటలను ఆన్‌లైన్ బహుళ పాత్రపోషణ ఆటలు అంటారు. ఆంగ్ల నామంలోని తొలి అక్షరాలను కలిపి వీటిని ఎం.ఎం.ఓ.ఆర్.పి.జి. అని వ్యవహరిస్తారు. ఆటగాడు కంప్యూటరు కట్టివేసినా ఈ ఆటలలోని లోకం ఆగదు. ఇతర ఆటలకు, వీటికి గల ముఖ్యభేదం ఇదే. పదబంధ ప్రహేళికను సగంలో మూసి మరునాడు తెరిస్తే గడులు ఎక్కడివక్కడే ఉంటాయి. ఈ ఆటలలో మరునాటికి తోటివారు ముందుకు సాగిపోయి ఉంటారు, సంతలో ధరలు మారి ఉంటాయి, కొన్నిటిలో కోటలు చేతులు మారి ఉంటాయి. కనుక ఆటను ఎంచుకొనేటప్పుడు బొమ్మల అందం, రుసుము కంటె ముందు చూడవలసినవి రెండు: ఆ ఆట ఎంత కాలం అడుగుతుంది, ఆడని రోజులలో ఆటగాడిని ఏ విధంగా చూస్తుంది అన్నవి.

తెలుగునాట ఆన్‌లైన్ ఆట అనగానే డబ్బు పందెంతో ఆడే రమ్మీ స్ఫురించటం కద్దు. పందెపు ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించాయి. 2025లో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ, పందెం లేకుండా చందా మాత్రమే కట్టి ఆడే ఆటలను వేరుగా పరిగణించింది. ఈ వ్యాసంలో చెప్పబడిన ఆటలు రెండవ కోవకు చెందినవి. వీటిలో ఎక్కువగా ఖర్చయ్యేది కాలమే.

చరిత్ర

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట వీటికి మూలం. దానిని బల్ల చుట్టూ కూర్చొని పాచికలతో ఆడేవారు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులు రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ కలిసి, కేవలం అక్షరాలతో నడిచే మడ్ అనే ఆటను కంప్యూటరుపై తయారు చేశారు. బొమ్మలతో కూడిన ఆటలలో అల్టిమా ఆన్‌లైన్ (1997), దక్షిణ కొరియాకు చెందిన లీనియేజ్ (1998), ఎవర్‌క్వెస్ట్ (1999), రూన్‌స్కేప్ (2001), ఐస్‌లాండ్‌లో తయారైన ఈవ్ ఆన్‌లైన్ (2003) ప్రసిద్ధి పొందాయి. 2004 నవంబరులో బ్లిజార్డ్ సంస్థ విడుదల చేసిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కు 2010 అక్టోబరు నాటికి 1 కోటి 20 లక్షల మంది చందాదారులు ఉండేవారు.

కాలం ఖర్చయ్యే తీరు

పాత్ర ఎదుగుదలకు పట్టే కాలం మొదటిది. శత్రువులను గెలిచినా, పని నేర్చినా అనుభవపు అంకెలు కలుస్తాయి. అవి ఒక మేరకు చేరితే పాత్ర పై స్థాయికి వెళుతుంది. తొలి స్థాయిలు నిమిషాలలో వస్తాయి, తరువాతివి రోజులు తీసుకొంటాయి. రూన్‌స్కేప్‌లో ఒక విద్యలో 99వ స్థాయికి 1,30,34,431 అంకెలు కావాలి. అందులో దాదాపు సరిగ్గా సగం చేరేసరికి ఆటగాడు 92వ స్థాయిలో ఉంటాడు. ఇంకా ఏడు మెట్లే కదా అనుకొన్నవాడు నడిచినంత దూరం మళ్ళీ నడవాలన్నమాట. ఈ లెక్క తెలియకనే చాలామంది కొత్తవారు "ఈ ఒక్క స్థాయి అయ్యాక లేస్తాను" అని తమకు తాము గడువు పెట్టుకొంటారు.

రెండవది నిరీక్షణ. ఎవర్‌క్వెస్ట్‌లో అరుదైన రాక్షసులు చంపబడిన తరువాత మళ్ళీ కనిపించటానికి గంటలు, కొన్నిసార్లు రోజులు పట్టేది. ఆటగాళ్లు ఆ చోటును వదలక వంతులవారీగా కాపలా కాసేవారు. ఆ ఆటకు ఒక మాదకద్రవ్యం పేరు కలిపి ఎవర్‌క్రాక్ అనే వ్యంగ్యనామం వాడుకలోకి రావటంలో వింత లేదు.

మూడవది నియమిత కాలం. కుటుంబ జీవితంపై ఎక్కువ ప్రభావం చూపేది ఇదే. పెద్ద శత్రువుపై అనేకమంది కలిసి చేసే దాడిని రెయిడ్ అంటారు. బుర్రకథలో కథకునికి ఇరువైపులా వంతలు లేనిదే కథ నడవనట్లు, రెయిడ్‌లో దెబ్బలు కాచుకొనేవారు, గాయాలు మాన్పేవారు, దెబ్బ తీసేవారు ఎవరి చోట వారు ఉండి తీరాలి. వార్‌క్రాఫ్ట్ తొలి రోజులలో మోల్టెన్ కోర్ అనే రెయిడ్‌కు 40 మంది వరకు కలిసి వెళ్ళేవారు. అంతమందిని ఒకే వేళకు చేర్చటానికి గిల్డ్ అనే సంఘాలు వారంలో కొన్ని రాత్రులను ముందే నిర్ణయించుకొనేవి. దొరికిన ఆయుధాలను పంచటానికి ఎవర్‌క్వెస్ట్ నాడే ఒక మార్కుల పద్ధతి పుట్టింది: దాడికి వచ్చినవారికి మార్కులు పడతాయి, మార్కులు ఉన్నవారికే ఆయుధాలు. పాఠశాలల హాజరుపట్టీకి ఇది మరో రూపం. రుసుము కట్టి ఆడే ఆటలోకి హాజరుపట్టీని ఆటగాళ్లే కోరి తెచ్చుకొన్నారు.

ఒంటరిగా ఆడేటప్పుడు మధ్యలో లేచిపోతే నష్టం తనకే. రెయిడ్ నుండి లేచిపోతే మిగిలినవారి సాయంత్రం కూడా పాడవుతుంది. భోజనానికి పిలిస్తే "ఒక్క నిమిషం" అనే కుర్రవాడు చాలాసార్లు అబద్ధం చెప్పటం లేదు, మాట ఇచ్చిన మనుషుల మధ్య చిక్కుకొని ఉంటాడు. ఇది గ్రహించని ఇంట్లో తగవు ఆట మీద మొదలై మరెక్కడికో పోతుంది.

ఈ భారాన్ని తగ్గించటానికి బ్లిజార్డ్ క్రమంగా మార్పులు చేసింది. 2007లో పది మందితో సరిపోయే రెయిడ్ వచ్చింది. చిన్న దాడులకు అపరిచితులను తానే జతకూర్చే సౌకర్యం 2009 డిసెంబరులోను, రెయిడ్‌లకు అటువంటిదే 2011 నవంబరులోను ప్రవేశపెట్టబడ్డాయి. దీనితో వేళ కుదిరినప్పుడే ఆడటం సాధ్యమైంది. అయితే తోటివారి పేర్లు కూడా తెలియకుండానే దాడి ముగిసిపోవటం మామూలైంది. స్నేహాల కోసం వచ్చినవారికి ఇది లాభం కాదు.

ఆడని రోజులు

ఆటలు ఒకదానికొకటి ఎక్కువగా భేదించేది ఇక్కడే. వార్‌క్రాఫ్ట్ విడుదలకు ముందు జరిగిన పరీక్షలలో, ఎక్కువసేపు ఆడినవారికి అనుభవపు అంకెలు సగానికి తగ్గేలా అమర్చారు. ఆటగాళ్లకు అది శిక్షలా తోచి నచ్చలేదు. సంస్థ ఆ తగ్గిన రేటుకే సాధారణ రేటు అని పేరు పెట్టి, విశ్రాంతి తీసుకొన్న పాత్రకు రెట్టింపు లభిస్తుందని ప్రకటించింది. అందరూ సంతోషించారు. సత్రంలో విడిచిన పాత్రకు ప్రతి 8 గంటలకు ఒక స్థాయిలో 5 శాతానికి సరిపడే విశ్రాంతి జమ అవుతుంది. ఒకటిన్నర స్థాయి వరకు, అనగా పది రోజులపాటు, అది పెరుగుతుంది. వారాంతాలలో మాత్రమే ఆడేవారికి ఇది నిజంగా మేలు చేసే ఏర్పాటు.

ఈవ్ ఆన్‌లైన్‌లో చందా ఉన్నంతకాలం పాత్ర గడియారాన్ని బట్టి విద్యలు నేర్చుకొంటుంది. ఆటగాడు నిద్రపోతున్నా అభ్యాసం సాగుతుంది. కాని ఆస్తుల విషయం వేరు. 2014 జనవరిలో బి-ఆర్5ఆర్‌బి అనే నక్షత్రమండలంపై హక్కు కోసం కట్టవలసిన రుసుము ఆటలోని ఒక కూటమి పొరపాటున కట్టలేదు. అది గమనించిన ప్రత్యర్థులతో మొదలైన యుద్ధం దాదాపు 21 గంటలు సాగి, వేలమందిని లాగింది. అటువంటి కూటమిలో చేరేవారు ఏ వేళనైనా పిలుపు రావచ్చునని తెలిసి చేరాలి.

ఫైనల్ ఫాంటసీ 14 (2010లో విఫలమై 2013లో పునర్నిర్మితమైనది) దర్శకుడు నవోకీ యోషిదా, కొత్త కథ పూర్తయితే చందా ఆపి వేరే పనులు చూసుకొని, తరువాతి కథ వచ్చినప్పుడు తిరిగి రావచ్చునని బహిరంగంగానే చెప్పారు. అయితే అదే ఆటలో సొంత ఇల్లు ఉన్నవారు 45 రోజులు ఇంట్లో అడుగు పెట్టకపోతే ఆ ఇల్లు కూల్చివేతకు గురవుతుంది. పరీక్షల కోసం రెండు నెలలు దూరం కాదలచిన విద్యార్థి ఇల్లు కొనకుండా ఉండటమే మేలు. గిల్డ్ వార్స్ 2 (2012)కు నెలసరి చందా లేదు. దానిలో 80వ స్థాయి పరిమితి తరువాతి విస్తరణలలోనూ పెరగలేదు కనుక, ఏళ్ల తరువాత వచ్చినా పాత్ర చిన్నబోదు. తీరిక నిలకడగా లేనివారికి పైవాటిలో ఇదే ఎక్కువ అనుకూలం.

దీనికి విరుద్ధంగా, రోజూ ప్రవేశించినందుకే బహుమతి ఇచ్చే ఆటలు అనేకం. బహుమతి చిన్నదే కాని, అది ఆటగాడి అలవాటును రోజువారీ చేస్తుంది. నెలసరి చందాలోనూ ఇటువంటి ఒత్తిడి ఉంది: కట్టిన సొమ్ము వృథా పోరాదని ఆడటం.

స్వభావాన్ని బట్టి ఎంపిక

మడ్ రూపకర్త బార్టిల్ 1996లో ఆటగాళ్లను నాలుగు రకాలుగా వర్ణించారు: సాధించేవారు, అన్వేషించేవారు, కలుపుగోలువారు, ఇతరులపై పైచేయి కోరేవారు. 2000 తరువాత వేలమందిని ప్రశ్నించిన పరిశోధకుడు నిక్ యీ, ఒకే వ్యక్తిలో ఈ కోరికలు కలిసి ఉంటాయని చూపారు. ఆయన సర్వేలలో పాల్గొన్నవారు సగటున వారానికి సుమారు 22 గంటలు ఆడేవారు. సంవత్సరానికి లెక్కిస్తే అది 1,144 గంటలు, అనగా రాత్రింబవళ్లు కలిపి 47 రోజుల 16 గంటలు. అన్వేషణ కోరేవారు ఎప్పుడైనా ఆడి ఎప్పుడైనా ఆపవచ్చు. సాధన, సాంగత్యం కోరేవారికి ఇతరుల వేళలు తప్పవు. వార్‌క్రాఫ్ట్ 20వ స్థాయి వరకు, ఫైనల్ ఫాంటసీ 14 (2023 అక్టోబరు నుండి) 70వ స్థాయి వరకు ఉచితంగా ఆడనిస్తాయి కనుక, కొనకముందే తన స్వభావాన్ని పరీక్షించుకొనవచ్చును.

గిల్డ్‌లో చేరేముందు దాడులు ఏ వారాలలో, ఏ వేళకు మొదలై ఎప్పుడు ముగుస్తాయో, రాలేనప్పుడు ఎవరికి చెప్పాలో అడగటం ఆచారం. అడిగితే చిన్నబుచ్చుకొనే గిల్డ్‌కు దూరంగా ఉండటం మంచిది. వార్‌క్రాఫ్ట్‌లో ప్లేయ్డ్ అనే ఆజ్ఞ ఇస్తే ఒక పాత్రపై గడిపిన మొత్తం కాలం రోజులు, గంటలలో కనిపిస్తుంది. నెలకొకసారి దానిని చూసి రాసుకొనేవారికి వేరే లెక్క అవసరం లేదు.

భారత కాలమానం

ఐరోపా సర్వర్లలో రాత్రి 8 గంటలకు మొదలయ్యే దాడి భారతదేశంలో వేసవిలో రాత్రి 11.30కు, శీతాకాలంలో 12.30కు పడుతుంది. మూడు గంటల దాడి ముగిసేసరికి తెల్లవారుజాము. మరునాడు ఉదయం తరగతికి వెళ్ళేవారికి ఇది పొసగదు. డల్లాస్‌లో ఉన్న అన్న శనివారం రాత్రి 8 గంటలకు ఆటలోకి వస్తే, విజయవాడలో ఉన్న తమ్మునికి ఆదివారం ఉదయం 6.30 గంటలు, శీతాకాలంలో 7.30. వారానికొకసారి ఇలా కలిసి ఆడటం ఇరువురికీ సాధ్యమే. సర్వరు దూరమైన కొద్దీ జాప్యం పెరుగుతుంది. అయితే రూన్‌స్కేప్ 0.6 సెకనుకు, ఈవ్ సెకనుకు ఒకసారి మాత్రమే ఆజ్ఞలను లెక్కలోకి తీసుకొంటాయి కనుక వాటిలో ఆ ఇబ్బంది తక్కువ.

నియంత్రణ, ఆరోగ్యం

దక్షిణ కొరియా 2011లో 16 సంవత్సరాలలోపు వారికి అర్ధరాత్రి నుండి ఉదయం 6 వరకు ఆటలను నిలిపివేసింది; ఆ చట్టం 2022 జనవరిలో రద్దయింది. చైనా 2021లో 18 సంవత్సరాలలోపు వారిని శుక్ర, శని, ఆదివారాలు, సెలవు దినాలలో రాత్రి 8 నుండి 9 వరకే పరిమితం చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో ఆటల రుగ్మత చేర్చబడింది. గంటల సంఖ్య దాని లక్షణం కాదు. ఆటపై అదుపు తప్పటం, ఇతర పనులకంటె ఆటకే ప్రాధాన్యం ఇవ్వటం, నష్టం కలుగుతున్నా కొనసాగించటం సాధారణంగా 12 నెలలపాటు కనిపించాలి.

ఆటల మూసివేత

సర్వర్లు ఆపితే పాత్రలు, ఆస్తులు అన్నీ పోతాయి. స్టార్ వార్స్ గెలాక్సీస్ 2011 డిసెంబరులో, సిటీ ఆఫ్ హీరోస్ 2012 నవంబరులో ఇలా మూతపడ్డాయి. రెండవదానిని అభిమానులు తమ సొంత సర్వర్లపై తిరిగి నడపసాగారు. వారిలో హోమ్‌కమింగ్ అనే బృందానికి హక్కుదారైన ఎన్‌సీసాఫ్ట్ సంస్థ 2024 జనవరిలో అనుమతి ఇచ్చింది. పాత పాత్రలు మాత్రం తిరిగి రాలేదు. అందరూ మొదటి స్థాయి నుండి మొదలుపెట్టవలసి వచ్చింది.