మనిషిని లెక్కలో వేసుకునే ఇంజనీరింగ్

అణు విద్యుత్ కేంద్రం, ప్రయాణికుల విమానం, రైల్వే సిగ్నలింగ్, రసాయన కర్మాగారం, ఆసుపత్రిలో ఐసీయూ. ఇవన్నీ సంక్లిష్ట వ్యవస్థలు. వేల భాగాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడుస్తాయి కాబట్టి ఒక చోట పుట్టిన లోపం ఎక్కడ బయటపడుతుందో ముందుగా చెప్పడం కష్టం. ఆ భాగాల నడుమ మనుషులూ ఉంటారు. మీటర్లు చూసేవాళ్లు, స్విచ్‌లు వేసేవాళ్లు, అర్ధరాత్రి అలారం మోగితే పరుగెత్తేవాళ్లు, యంత్రాన్ని విప్పి బాగుచేసి మళ్లీ బిగించేవాళ్లు. ఒక పైపు ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో ఎంత శ్రద్ధగా లెక్క కడతారో, ఈ మనుషుల చూపు, వినికిడి, జ్ఞాపకశక్తి, అలసట, అలవాట్లను అంతే శ్రద్ధగా లెక్క కట్టి డిజైన్‌లో కలపడాన్ని హ్యూమన్ ఫ్యాక్టర్స్ ఇంజనీరింగ్ అంటారు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనిక విమానాలు ఈ శాస్త్రానికి పునాది వేశాయి. బీ-17 బాంబర్లు క్షేమంగా నేల మీద దిగాక కొందరు పైలట్లు రెక్కల ఫ్లాప్స్ మూయబోయి పొరపాటున చక్రాలను లోపలికి లాగేసేవారు. విమానం పొట్ట నేలకు కరుచుకునేది. దీన్ని పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్ఫోన్స్ చపానిస్ పైలట్ల కన్నా ముందు కాక్‌పిట్‌ను చూశాడు. ఫ్లాప్స్ స్విచ్, చక్రాల స్విచ్ పక్కపక్కనే, అచ్చం ఒకేలా ఉన్నాయి. ఆ రెండూ దూరంగా ఉన్న సీ-47 విమానాల్లో అలాంటి పొరపాట్లు జరగడం లేదు. చక్రాల స్విచ్‌కు చిన్న చక్రం ఆకారపు పిడి, ఫ్లాప్స్ స్విచ్‌కు రెక్క ఆకారపు పిడి తగిలించగానే బీ-17లలో ఆ తప్పులు ఆగాయి. చేతికి తగిలిన ఆకారమే అది ఏ స్విచ్చో చెప్పేసింది. ఈ రెండు ఆకారాలు నేటి రవాణా విమానాల నిబంధనల్లోనూ ఉన్నాయి.

1947లో పరిశోధకులు పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇదే పనిని పెద్ద ఎత్తున చేశారు. ‘పైలట్ తప్పిదం’ అని ముద్రపడిన 460 అనుభవాలను సేకరించి వర్గీకరించారు. ఒక మీట అనుకుని మరొకటి లాగడం, మీటను అవసరమైన దిశకు ఎదురు తిప్పడం, చెయ్యి అందకపోవడం వంటివే మళ్లీ మళ్లీ కనిపించాయి. వేర్వేరు మనుషులు ఒకే చోట ఒకే తప్పు చేస్తుంటే ఆ చోటును సరిచేయాలి. మనిషికి మరింత జాగ్రత్త నేర్పడం రెండో మాట. ఈ రంగం మొత్తానికి ఆయువుపట్టు ఈ సూత్రమే. అయినా ప్రమాదం జరిగిన మర్నాడు పత్రికల్లోనూ శాఖాపరమైన విచారణల్లోనూ ఇప్పటికీ మొదట వినిపించేది ‘మానవ తప్పిదం’ అన్న మాటే. ఆ మాటతో విచారణ ముగించినప్పుడు, అదే తప్పు మరొకరి చేత చేయించే ఏర్పాటు చెక్కుచెదరకుండా మిగిలిపోతుంది.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో 1979 మార్చి 28న జరిగిన ప్రమాదాన్ని ఈ రంగంలో అందరూ చదువుతారు. తెల్లవారుజామున 4 గంటలకు రెండో యూనిట్‌లో నీటి పంపులు ఆగాయి. రియాక్టర్‌లో ఒత్తిడి పెరిగి, దాన్ని తగ్గించే వాల్వ్ తెరుచుకుంది. రియాక్టర్ దానంతటదే ఆగిపోయింది. ఇంతవరకూ అన్నీ అనుకున్నట్టే జరిగాయి. ఒత్తిడి దిగాక మూసుకోవాల్సిన ఆ వాల్వ్ మాత్రం తెరుచుకునే ఉండిపోయింది. కంట్రోల్ రూమ్‌లో దాని దీపం ఆరిపోవడంతో ఆపరేటర్లు వాల్వ్ మూసుకుందని నమ్మారు. నిజానికి ఆ దీపం చెప్పేది ‘మూసుకో’ అన్న ఆదేశం వెళ్లిందని మాత్రమే. వాల్వ్ నిజంగా మూసుకుందో లేదో చూసి చెప్పే ఏర్పాటు దానికి లేదు.

ఆ తర్వాత జరిగిందంతా ఈ నమ్మకం చుట్టూనే తిరిగింది. మొదటి కొన్ని నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగాయి. అన్నిటిదీ ఒకే గోల, ఏది ప్రాణాంతకమో ఏది మామూలుదో తెలిసే వీల్లేదు. అలారాలను కాగితం మీద అచ్చువేసే ప్రింటర్ వెనకబడిపోయింది. వాల్వ్ నుంచి కారిన నీరు చేరే ట్యాంకు మీటరు కంట్రోల్ ప్యానెల్ వెనక వైపున ఉంది. అత్యవసర నీటి సరఫరా దారిలో రెండు వాల్వ్‌లు మూసి ఉన్నాయని చెప్పే దీపాల్లో ఒకటి, మరమ్మతు పనికి వేలాడదీసిన అట్టముక్క కింద దాగిపోయింది. రియాక్టర్ పాత్రలో నీటిమట్టాన్ని నేరుగా చూపే మీటరే లేదు. ప్రెషరైజర్ అనే మరో పాత్రలోని నీటిమట్టాన్ని బట్టి ఊహించుకోవాలి. ఆవిరి బుడగల వల్ల ఆ మట్టం పైకి కనిపించింది. నీరు ఎక్కువైందని భావించిన ఆపరేటర్లు, తమకిచ్చిన శిక్షణ ప్రకారమే, రియాక్టర్‌ను కాపాడుతున్న అత్యవసర నీటిని తగ్గించేశారు. కారే దారిని మూసేసరికి రెండు గంటలు దాటింది. రియాక్టర్ గర్భంలో దాదాపు సగం కరిగిపోయింది.

అధ్యక్షుడు కార్టర్ నియమించిన కమిషన్‌కు గణిత శాస్త్రవేత్త జాన్ కెమెనీ నాయకత్వం వహించాడు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన నివేదిక ఆపరేటర్ల తప్పులను దాచలేదు. ఆ తప్పులకు దారి తీసిన శిక్షణ, అర్థంకాని సూచనల పుస్తకాలు, కంట్రోల్ రూమ్ తీరు, పాత అనుభవాల నుంచి నేర్చుకోని యాజమాన్యం, నియంత్రణ సంస్థల వైఖరి అన్నిటినీ పేరుపేరునా ఎత్తిచూపింది. ఆ దేశపు అణు నియంత్రణ సంస్థ తర్వాత కంట్రోల్ రూములన్నిటినీ ఈ కోణం నుంచి సమీక్షింపజేసింది. 1981లో వాటి రూపకల్పనకు మార్గదర్శకాలు వెలువరించింది.

మనిషికి ఏం కనిపించాలి అన్నది డిజైన్ నిర్ణయమే. దీనికి తెలుగు నేల మీదే ఒక విషాద నిదర్శనం ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. స్టైరీన్ నిల్వ చేసిన ట్యాంకు మధ్య భాగంలో, పై భాగంలో ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు లేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ గుర్తించింది. పైన ద్రవం వేడెక్కుతున్నా, కిందనున్న సెన్సర్‌ను చూసే మనిషికి అది తెలిసే దారి లేదు. ఊరిని లేపాల్సిన సైరన్‌ను మోగించే ఏర్పాట్లున్నా వాడలేదనీ ఆ కమిటీ చెప్పింది.

ఈ శాస్త్రాన్ని ఇంజనీరింగ్‌లో కలపడం అంటే చివర్లో ఒక నిపుణుణ్ని పిలిచి రంగులు, అక్షరాల సైజు చూపించుకోవడం కాదు. పని మొదటి కాగితం నుంచే మొదలవ్వాలి. ముందుగా ఏ పని యంత్రం చేయాలి, ఏది మనిషి చేయాలి, ఏది ఇద్దరూ కలిసి చేయాలి అన్న పంపకం జరుగుతుంది. మనిషి వాటాకు వచ్చిన ప్రతి పనినీ విడమరిచి రాస్తారు. అతనికి ఏ సమాచారం కావాలి, అది ఎక్కడ కనిపిస్తుంది, ఎంత సమయం ఉంది, అదే క్షణంలో ఇంకేం చేస్తుంటాడు, తప్పు చేస్తే వెనక్కి తీసుకోగలడా అని అడుగుతారు. ఆ తర్వాత చెక్కతోనో అట్టతోనో కంట్రోల్ రూమ్ నమూనా కడతారు, లేదా సిమ్యులేటర్‌లో తయారుచేస్తారు. నిజంగా ఆ ఉద్యోగం చేసేవాళ్లను కూర్చోబెట్టి, కావాలని లోపాలు పుట్టించి, ఎక్కడ తడబడుతున్నారో గమనిస్తారు. డ్రాయింగు మీద మీటరును ముందుకు జరపడానికి ఒక పూట చాలు. కాంక్రీటు పోసి, కేబుళ్లు లాగేశాక అదే మార్పుకు ప్లాంటును ఆపాల్సి వస్తుంది. ఈ ఖర్చు తేడా తెలిసి కూడా చాలా ప్రాజెక్టుల్లో ఆపరేటర్ల మాట ఆఖరున వినడం బాధాకరం.

ఇలాంటి పరీక్షలో అడిగే ప్రశ్న మామూలుగానే ఉంటుంది. నాలుగు బర్నర్ల గ్యాస్ పొయ్యికి ఏ నాబ్ ఏ బర్నర్‌దో వెంటనే తెలుస్తుందా? 1959లో చపానిస్, లిండెన్‌బామ్ అనే మరో పరిశోధకుడు ఇదే కొలిచారు. బర్నర్ల అమరికకు నాబ్‌ల అమరిక సరిపోయినప్పుడు జనం వేగంగా, తక్కువ తప్పులతో పనిచేశారు. పొయ్యి దగ్గర పొరపాటు పడితే మళ్లీ తిప్పుకోవచ్చు. 1992 జనవరిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్ దగ్గర కొండను ఢీకొన్న ఎయిర్ ఇంటర్ విమానంలో ఆ అవకాశం దక్కలేదు. దిగే కోణం, దిగే వేగం రెండూ ఒకే నాబ్‌తో, ఒకే కిటికీలో పెట్టేవి. 3.3 డిగ్రీల కోణం అనుకుని నిమిషానికి 3,300 అడుగుల వేగం పెట్టి ఉంటారని దర్యాప్తు భావించింది. 87 మంది మరణించారు. తర్వాత వేగాన్ని నాలుగు అంకెల్లో చూపేలా ఆ తెరను మార్చారు.

కంటికి కనిపించే స్విచ్‌ల కన్నా ప్రమాదకరమైనవి లెక్కల్లో దాగిన ఊహలు. బోయింగ్ 737 మ్యాక్స్‌లో ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్ విమానం ముక్కును కిందికి వంచగలదు. అది అనవసరంగా పనిచేస్తే పైలట్లు కొద్ది సెకన్లలో గుర్తించి సరిచేస్తారన్న అంచనా మీద భద్రతా లెక్కలు నిలబడ్డాయి. ఒక్క సెన్సర్ చెడిపోతే కాక్‌పిట్‌లో ఏమేం జరుగుతుందో అన్నీ కలిపి చూడలేదు. కంట్రోల్ వీల్ వణుకుతుంది, వేగం కొలతలు పొంతన కుదరవు, హెచ్చరికలు వరస కడతాయి. ఎంకాస్ గురించిన వివరణ అప్పటి పైలట్ల మాన్యువల్‌లో లేదు. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో కూలిన ఈ రకం విమానాల్లో కలిపి 346 మంది ప్రాణాలు పోయాయి. ఒకేసారి అనేక హెచ్చరికలు వస్తే మనిషి ఎలా స్పందిస్తాడో లెక్కలో చేర్చాలని అమెరికా రవాణా భద్రతా బోర్డు 2019 సెప్టెంబరులో సిఫారసు చేసింది.

మనిషి తప్పు చేస్తాడు కాబట్టి అన్నీ యంత్రానికే అప్పగిద్దాం అనేది తరచూ వినిపించే మాట. బ్రిటిష్ పరిశోధకురాలు లిసాన్ బైన్‌బ్రిడ్జ్ 1983లోనే ఇందులోని చిక్కును విప్పి చెప్పింది. తేలిక పనులు యంత్రం తీసుకుంటే, యంత్రానికి చేతకాని కష్టమైన ఘడియలే మనిషికి మిగులుతాయి. రోజూ చేయకపోవడంతో ఆ పనిలో చెయ్యి మొద్దుబారి ఉంటుంది. కదలని తెరను కాపలా కాయడమూ మనిషికి చేతకాదు. సుమారు అరగంటకే చురుకుదనం తగ్గుతుందని నార్మన్ మాక్‌వర్త్ 1948లో గడియారం ముల్లు ప్రయోగంతో చూపించాడు. రాత్రి డ్యూటీ దీన్ని మరింత పెంచుతుంది. భోపాల్, చెర్నోబిల్, త్రీ మైల్ ఐలాండ్, విశాఖ ప్రమాదాలన్నీ అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్య జరిగినవే. కారణాలు వేరైనా, ఆ వేళకు మనిషి ఎలా ఉంటాడన్నది డ్యూటీ చార్టు వేసేటప్పుడే ఆలోచించాలి.

యంత్రం మనిషికి తోడుగా నిలిచే పంపకం సాధ్యమేనని రైల్వేల ‘కవచ్’ భద్రతా వ్యవస్థ చూపుతోంది. దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి–వికారాబాద్–వాడి మార్గంలో దీని తొలి పరీక్షలు జరిగాయి. రైలు నడిపేది లోకో పైలటే. పట్టాల మధ్య ట్యాగులు, రేడియో సంకేతాల ద్వారా వచ్చే సిగ్నల్ వివరం అతని క్యాబ్‌లోని తెర మీద కనిపిస్తుంది, పొగమంచులోనూ. ఎర్ర సిగ్నల్ దాటబోతే లేదా వేగం మితిమీరితే మొదట హెచ్చరించి, స్పందన లేకపోతే బ్రేకులు వేస్తుంది. అయితే అవసరం లేని చోట పదేపదే బ్రేకులు పడితే సిబ్బందికి నమ్మకం పోతుంది. అందుకే హెచ్చరిక ఎప్పుడు రావాలి, ఎంత ముందు రావాలి అన్నది రేడియో పరిధి ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

మరమ్మతు చేసేవాళ్లను డిజైనర్లు తరచుగా మరిచిపోతారు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్‌లోకి మళ్లి ఆగివున్న గూడ్సును ఢీకొన్న ఘటనలో, అంతకుముందు సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లోనూ లెవెల్ క్రాసింగ్ గేటు పనిలోనూ లోపాలు జరిగాయని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. సిగ్నల్ పెట్టెలో తీగలకు తప్పు లేబుళ్లు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. పెట్టె తెరిచిన సాంకేతిక ఉద్యోగికి ఆ లేబులే ఆధారం. లేబుళ్లు, కలవని ఆకారాల కనెక్టర్లు, పని ముగిశాక మరొకరు సరిచూసే పద్ధతి, ఇవన్నీ అసలు డిజైన్‌లో భాగాలే.

వ్యవస్థ పని మొదలుపెట్టాక కూడా ఈ బాధ్యత తీరదు. త్రీ మైల్ ఐలాండ్‌కు ఏడాదిన్నర ముందు, 1977 సెప్టెంబరులో, ఒహాయోలోని డేవిస్-బెస్సీ కేంద్రంలో అదే రకం వాల్వ్ అలాగే తెరుచుకుని ఉండిపోయింది. అక్కడి సిబ్బంది సుమారు ఇరవై నిమిషాలకు గుర్తించి ఆ దారిని మూసేశారు. ఆ పాఠం మిగతా ఆపరేటర్లకు చేరలేదు. విమానయానంలో 1976 నుంచి నాసా నడుపుతున్న భద్రతా నివేదికల పద్ధతి ఇలాంటి లోటును తీర్చడానికి పుట్టింది. పైలట్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు త్రుటిలో తప్పిన ప్రమాదాలను రాసి పంపుతారు. వారి పేరు తొలగించి, సమాచారాన్ని విమాన తయారీదారులకూ సంస్థలకూ అందజేస్తారు. శిక్ష భయం లేకుండా చెప్పే వీలుంటేనే ఏ తెర తికమక పెడుతోందో, ఏ నాబ్ చేతిని మోసగిస్తోందో తయారుచేసినవారికి తెలుస్తుంది.