పాఠమును క్లౌడున నుంచుట యుక్తమా?

సాహిత్యపరిషత్తు తన పత్రికను అంతర్జాలమునఁ బ్రకటించునపుడు వ్రాతను నిలువచేయు సాధనము నెన్నుకొనవలసియుండును. దీనినే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అందురు. పాతపద్ధతిలో వ్రాతయుఁ బుటరూపమును నొక్కచోటనే యుండును. ‘హెడ్‌లెస్’ పద్ధతిలో వ్రాత మాత్రమే యుండును. పుటకును, ఫోనునకును, అచ్చునకును దానినే పంపవచ్చును. 2003లో వెలసిన వర్డ్‌ప్రెస్‌నకు సైతము 2016లో 4.7వ కూర్పుతో నీ వాడుక సులభమయ్యెను.

ఇందలి మేలు మనకుఁ గ్రొత్త గాదు. ‘అను’ పేరిటి ఫాంటులతోఁ గూర్చిన తెలుఁగు ఆ ఫాంటు లేనిచోఁ జదువరాదు. యూనికోడునఁ గూర్చినది యెల్లెడఁ జదువవచ్చును. అయినను హెడ్‌లెస్‌నకు ముఖమును వేఱుగ నిర్మింపవలెను. ఆ పని యెఱిఁగినవారు లేని పరిషత్తునకుఁ బాతపద్ధతియే మేలు.

క్లౌడనఁగాఁ బరుల యంత్రములలో నుంచుట. కాంటెంట్‌ఫుల్ వంటి సంస్థ యంత్రరక్షణభారమును దానే వహించును. కాని యాహూ సంస్థ 2009లో అమెరికాలోని జియోసిటీసును మూసినపుడు నకలు తీయఁబడిన పుటలే మిగిలెను.

కావున వెలకంటె ముందుగా నడుగవలసిన దిది: పాఠమంతయు బొమ్మలతోఁ గూడ యూనికోడులో నెపుడైన దింపుకొనవచ్చునా? వచ్చునేని, మాసమున కొకమాఱు ప్రతి తీసి వేఱొకచోట నుంచుచు క్లౌడు నాశ్రయింపవచ్చును. రాదేని, యెంత చౌకయైనను వలదు. తాళపత్రములకుఁ బ్రతులు వ్రాయించిన పూర్వుల జాగరూకత యిచ్చటను విధియే.