తేనెలో స్వస్థత ఉంది, చక్కెరా ఉంది

"తేనెలో స్వస్థత ఉందని ఖుర్ఆన్ చెబుతుంటే, షుగర్ ఉన్నవాళ్లు తినకూడదని డాక్టరు ఎలా అంటాడు మౌలానా?" మా మదరసాకు పిల్లలను తీసుకువచ్చే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడిగేవారి మనసులో ఉన్నది విశ్వాసమే. అయితే ఈ ప్రశ్న వెనుక కొన్ని ఇళ్లలో జరుగుతున్నది ఆందోళన కలిగిస్తుంది. చక్కెర మానేశామంటూ టీలో రెండు చెంచాల తేనె కలుపుకుంటారు. ఇఫ్తార్ వేళ ఏడెనిమిది ఖర్జూరాలు తింటారు. బర్కత్ ఉన్న ఆహారం హాని చేయదన్న ధీమాతో మాత్రలు సైతం పక్కన పెట్టేవారున్నారు.

ముందుగా ఆయత్ సంగతి చూద్దాం. నహ్ల్ సూరా 69వ ఆయత్‌లో 'షిఫా' అన్న పదానికి ముందు 'అల్' లేదు. 'అల్' చేరిన పదం నిర్దిష్టమనీ, చేరనిది అనిర్దిష్టమనీ అరబీ వ్యాకరణం మొదలుపెట్టిన పిల్లలకే నేర్పుతాం. ఇబ్నె కసీర్ (రహ్మలై) తమ తఫ్సీర్‌లో ఈ సూక్ష్మాన్నే ప్రస్తావించారు. ఇక్కడ 'అల్' ఉన్నట్లయితే తేనె ప్రతి రోగానికీ మందు అయ్యేదనీ, అది లేదు గనుక శీతల స్వభావం గల వ్యాధులకు ఉష్ణ స్వభావం గల తేనె పనికివస్తుందనీ ప్రవక్త వైద్యంపై మాట్లాడిన కొందరి అభిప్రాయాన్ని ఆయన ఉదహరించారు. శీతలం, ఉష్ణం అన్నవి ఆనాటి వైద్యుల పరిభాష. వాటిని అలా ఉంచినా, ఏ రోగి అయినా ఎంతైనా తినవచ్చని మన పూర్వ పండితులు ఈ ఆయత్ నుంచి గ్రహించలేదన్నది స్పష్టం. జ్వరాన్ని నీటితో చల్లార్చమన్న హదీసును వివరిస్తూ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మలై) కూడా ఆ సంబోధన హిజాజ్ ప్రాంతం వారికి, వారిలాంటి పరిస్థితిలో ఉన్నవారికి వర్తిస్తుందని రాశారు. రోగిని, ప్రాంతాన్ని, మోతాదును చూడడం వారి పద్ధతి. మనమే ఆ పద్ధతిని మరచి, వాట్సాప్‌లో వచ్చిన దానిని తఫ్సీర్‌గా స్వీకరిస్తున్నాం.

ఇక తేనెలో ఏముంది? సుమారు 80 శాతం చక్కెరలే; మిగిలినది ఎక్కువగా నీరు. తేనె చిక్కన గనుక ఒక టీ చెంచా సుమారు 7 గ్రాములు తూగుతుంది, అందులో చక్కెర 6 గ్రాములకు దగ్గరగా ఉంటుంది. అదే చెంచాడు పంచదారలో ఉండేది 4 గ్రాములు. చక్కెర మాని తేనె కలుపుకున్న వ్యక్తి నిజానికి ఎక్కువ చక్కెర తాగుతున్నాడన్నమాట! పంచదారతో పోలిస్తే తేనె రక్తంలో చక్కెరను కాస్త నెమ్మదిగా పెంచవచ్చునేమో గాని, పెంచక మానదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలలో పరిమితం చేసుకోవలసిన చక్కెరల జాబితాలో తేనెనూ చేర్చింది. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ఆరోగ్యవంతులకే సూచించింది. బెల్లం సంగతీ అంతే. దానిలో కొద్దిపాటి ఇనుము ఉన్నమాట నిజమే, కాని దాని కోసం తినవలసిన బెల్లం షుగర్ రోగిని ఆసుపత్రి పాలు చేస్తుంది.

ఖర్జూరంలో పీచు ఉంది, పొటాషియం ఉంది. చిన్న ఖర్జూరంలో 5 గ్రాముల వరకు చక్కెర ఉంటే, పెద్ద మెడ్జూల్ రకంలో 16 గ్రాముల దాకా ఉంటుంది. దైవప్రవక్త (స) తాజా ఖర్జూరాలతో, అవి లేకుంటే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకుంటే కొన్ని గుక్కల నీటితో ఉపవాసం విరమించేవారని అనస్ (రజి) ఉల్లేఖించారు. షుగర్ అదుపులో ఉన్న వ్యక్తి ఒక చిన్న ఖర్జూరంతో, అదుపు తప్పినవారు నీటితో విరమించినా సున్నత్‌కు దూరమైనట్లు కాదు. ఆ తర్వాత వచ్చే షర్బత్, డబుల్ కా మీఠాలకు మాత్రం సున్నత్ పేరు చెప్పుకోవడానికి వీలులేదు!

ఉపవాసంలో వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించుకుంటే ఉపవాసం భంగమవుతుందన్న భయంతో రమజాన్ అంతా షుగర్ చూసుకోనివారున్నారు. అది భంగం కాదని ఉలమా స్పష్టం చేశారు. పరీక్షలో చక్కెర 70 కన్నా తగ్గినా, 300 దాటినా వెంటనే ఉపవాసం విరమించాలని వైద్యులు చెబుతారు. తగ్గినప్పుడు చెమటలు పట్టి, చేతులు వణుకుతాయి. అప్పుడు మూడు చెంచాల పంచదార గాని తేనె గాని ప్రాణాన్ని కాపాడుతుంది. రోగికి మినహాయింపు బఖరా సూరాలోనే ఉంది. ఇన్సులిన్, మాత్రల వేళలను రమజాన్‌కు నెలా రెండు నెలల ముందే వైద్యునితో మాట్లాడి మార్పించుకోవాలి.

అన్నం మాని రొట్టె తింటే చాలునన్నది మరో అపోహ. బియ్యంలోనూ గోధుమపిండిలోనూ నూటికి 70 పాళ్లకు అటూ ఇటూగా పిండిపదార్థమే. పొట్టుతో మరపట్టించిన గోధుమపిండిలో పీచు ఎక్కువ, అంతవరకే లాభం. ఆరు రొట్టెలు తిన్నవారికి ఆ లాభమూ ఉండదు. చేప తిని పాలు తాగితే బొల్లి వస్తుందన్న మాట మన ఇళ్లలో నానీల కాలం నుంచీ ఉంది. చర్మానికి రంగునిచ్చే కణాలను శరీర రక్షణ వ్యవస్థే దెబ్బతీయడం వల్ల ఎక్కువగా ఆ వ్యాధి వస్తుంది. చేపకూ పాలకూ అందులో పాత్ర లేదు.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది పసిబిడ్డల విషయంలో. పుట్టగానే బిడ్డ నోట్లో తేనె నాకించడం, ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోయడం ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. తేనెలో క్లాస్ట్రిడియం బొటులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగుల్లో అవి ఎదగలేవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో ఎదిగి విషాన్ని పుట్టిస్తాయి. మలబద్ధకంతో మొదలై, ఏడుపు సన్నగిల్లి, పాలు పీల్చే శక్తి పోయి, చివరకు శ్వాస ఆగే ప్రమాదం ఉంది. ఇంట్లో తేనెను మరిగించినా ఆ బీజాలు చావవు.

తహ్నీక్ మాటేమిటని అడగవచ్చు. అబూ మూసా అష్అరీ (రజి) తమ బిడ్డను తీసుకువెళ్లగా దైవప్రవక్త (స) తహ్నీక్ చేసినది ఖర్జూరంతోనని బుఖారీలో ఉంది. ఖర్జూరం దొరకనప్పుడు తేనె వాడవచ్చని కొందరు పండితులు రాసినమాట నిజమే. పసిబిడ్డలలో ఈ వ్యాధిని వైద్యులు గుర్తించినదే 1976లో. ఈనాడు ఖర్జూరం దొరకని ఊరు లేదు. శుభ్రమైన చేతితో, బాగా మెత్తగా చేసిన గుజ్జును అంగిట రాసేంత మాత్రమే చాలు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే ముందు వైద్యుని అడగండి. ఆ తర్వాత మొదటి గంటలోనే తల్లిపాలు పట్టించాలి, పసుపు రంగు ముర్రుపాలతో సహా. ఆరు నెలల వరకు మరేదీ, మంచినీళ్లు కూడా, బిడ్డకు అవసరం లేదు. తేనె సీసాను మొదటి పుట్టినరోజు దాటేవరకు బిడ్డకు దూరంగా ఉంచండి.