హీత్ బీళ్ళలో బంబుల్ తేనెటీగలు, మిడతలు – గుర్తించే విధానం

ఆంగ్ల సాహిత్యం చదివే విద్యార్థులకు థామస్ హార్డీ 1878లో వెలువరించిన ‘ది రిటర్న్ ఆఫ్ ది నేటివ్’ నవలలోని ఎగ్డన్ హీత్ సుపరిచితమే. దక్షిణ ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతపు బీడుభూములే ఆ కల్పిత ప్రదేశానికి ఆధారం. చూపు మందగించిన కథానాయకుడు ముళ్ళపొదలు నరికే పనికి పూనుకొన్నప్పుడు అతని ప్రపంచం కొద్ది అడుగుల వలయానికి కుదించుకొనిపోతుంది. ఆ వలయంలో అతనికి తోడుగా నిలిచిన ప్రాణులలో తేనెటీగలు, మిడతలు కూడా ఉన్నవి. నవలను చదివి ఆనందించే మనము అవి ఏ జాతివి అని సాధారణంగా అడుగము. ఆ ప్రశ్నకు సమాధానం కనుగొనే పద్ధతిని పరిచయం చేయుటయే ఈ వ్యాసం ఉద్దేశము.

హీత్ అనగానేమి?

ఇసుక పాలు హెచ్చుగా ఉండి, ఆమ్ల గుణం కలిగి, సారం తక్కువైన నేలపై చిన్న చిన్న పొదలు అల్లుకొన్న బీడునే ఆంగ్లేయులు హీత్ అంటారు. అక్కడ చెట్లు అరుదు. మోకాలి ఎత్తు పెరిగే హీదర్ పొదలదే ప్రాబల్యం. జూన్ మొదలు బెల్ హీదర్, ఆగస్టులో లింగ్ అనే సాధారణ హీదర్ పూచి నేలనంతటినీ ఊదారంగుతో కప్పివేస్తాయి. వేల సంవత్సరాల క్రిందట మానవుడు అడవి నరికి, పశువులను మేపి, వంటచెరకు కొట్టుకొనుట వలన ఏర్పడిన భూములివి. పంటకు పనికిరావన్న కారణంతో వీటిని చులకనగా చూచిరి. 1800 తరువాత ఇంగ్లండులోని హీత్ భూములలో ఐదింట నాలుగు వంతులకు పైగా పొలాలుగా, కలప తోటలుగా, ఇండ్ల స్థలాలుగా మారిపోయినవి. మిగిలిన కొద్దిపాటి నేలలోనే అక్కడి కీటకాలు తలదాచుకొంటున్నవి.

తుమ్మెద వేరు, బంబుల్ తేనెటీగ వేరు

బంబుల్ తేనెటీగ అనగానే తెలుగువారికి తుమ్మెద, ఉర్దూ మాట్లాడేవారికి భఁవరా స్ఫురించుట సహజం. కాని మన పెరటిలో వెదురును, ఇంటి దూలాన్ని తొలిచి గూడు కట్టే నల్లని తుమ్మెద ప్రత్యేకమైన వడ్రంగి తేనెటీగ. దాని ఉదరం పైభాగం నున్నగా, నిగనిగలాడుతూ ఉంటుంది. బంబుల్ తేనెటీగ దేహమంతా దట్టమైన నూగుతో కప్పబడి, చలిని తట్టుకొనుటకు కంబళి కప్పుకొన్నట్లు కనిపిస్తుంది. ఇది చల్లని ప్రాంతాల ప్రాణి. మన దేశంలో ప్రధానంగా హిమాలయ ప్రాంతాలలో నివసిస్తుంది. దక్కను పీఠభూమిలో లేదు. ఒక భాషలోని పేరు చేతబట్టుకొని మరొక దేశపు ప్రాణిని వెదుకరాదనుటకు ఇది మంచి నిదర్శనం. శాస్త్రజ్ఞులు లాటిన్ పేర్లను ఆశ్రయించుట కూడా ఇందుకే.

రంగు చెప్పేది సగమే

బ్రిటన్‌లో నేడు సుమారు 24 జాతుల బంబుల్ తేనెటీగలు కలవు. పరిశీలకుడు మొదట చూడవలసినది తోక రంగు. తోక ఎర్రనిదా, తెల్లనిదా, లేక దేహమంతా గోధుమ వన్నెయా? పిమ్మట పసుపు పట్టీలు ఎన్ని, ఎక్కడ ఉన్నవో లెక్కించాలి. నల్లని దేహం, ఎర్రని తోక ఉన్నచో అది బాంబస్ లాపిడేరియస్ కావచ్చును. వక్షం నారింజ గోధుమ రంగులో ఉన్నచో బాంబస్ పాస్కుయోరమ్ కావచ్చును.

అయితే రంగును మాత్రమే నమ్మిన వాడు త్వరలోనే చిక్కులో పడతాడు. హీత్ పేరునే ధరించిన బాంబస్ జోనెల్లస్‌కు వక్షం ముందు ఒకటి, వెనుక ఒకటి, ఉదరం మొదట ఒకటి చొప్పున పసుపు పట్టీలు, తెల్లని తోక ఉంటాయి. తోటలలో తిరిగే బాంబస్ హోర్టోరమ్‌కు కూడా సరిగా అవే పట్టీలు, అదే తోక. భేదం ముఖంలో కలదు. హోర్టోరమ్ ముఖం గుర్రపు ముఖం వలె సాగి ఉంటుంది. దాని పొడవాటి నాలుక లోతైన పూల అడుగునకు చేరగలదు. జోనెల్లస్ ముఖం పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. ఈ భేదం తెలియుటకు ఈగను పారదర్శకమైన గాజు గొట్టంలో క్షణకాలం ఉంచి, చూచి, వదలివేస్తే చాలును.

వెనుక కాలును కూడా పరిశీలించవలెను. రాణి, కూలి ఈగల వెనుక కాలిపై నున్నని పలక, దాని అంచున వంగిన వెంట్రుకలు కలిసి పుప్పొడి బుట్టగా ఏర్పడతాయి. మగ ఈగకు ఈ బుట్ట ఉండదు. ఇతర జాతుల గూళ్ళలో గ్రుడ్లు పెట్టే కోకిల బంబుల్ ఈగలలో ఆడవాటికి కూడా ఉండదు. స్పర్శశృంగంలో ఆడదానికి 12, మగదానికి 13 ఖండాలు. మగ ఈగ కుట్టలేదు.

మిడతలు: చూపు, వినికిడి

హీత్‌లో ఎగిరి దూకే ప్రాణి కనబడగానే దాని స్పర్శశృంగాలను చూడాలి. అవి పొట్టిగా ఉంటే అది మిడత. దేహంకంటె పొడవై, దారం వలె సన్ననైనచో అది పొద కీచురాయి. మిడతకు చెవులు ఉదరపు మొదటి ఖండంలో ఇరు ప్రక్కల ఉంటాయి. పొద కీచురాయికి ముందు కాళ్ళలో ఉంటాయి.

మిడతల విషయంలో రంగు మరింత మోసకారి. ఒకే జాతిలో ఆకుపచ్చవి, గోధుమవి, ఊదావి కూడా కనబడతాయి. అందుచేత తల వెనుక జీను వలె అమరిన పలకను పరిశీలించాలి. దానిపై ప్రక్క గీతలు లోపలికి గట్టిగా వంగి ఉంటే పొలపు మిడత, మెల్లగా వంగి ఉంటే పచ్చిక మిడత కావచ్చును. పచ్చిక మిడతలలో ఆడదాని రెక్కలు సాధారణంగా మిక్కిలి పొట్టివి. బ్రిటన్‌లో డార్సెట్, న్యూ ఫారెస్ట్ హీత్‌లకే దాదాపు పరిమితమైన హీత్ మిడత పొలపు మిడతను పోలి ఉంటుంది. పొలపు మిడత వక్షం అడుగున దట్టమైన నూగు ఉండగా, దీనికి ఆ నూగు తక్కువ. హీదర్ నడుమ బట్టనేలపై ఎండ కాచుకొనే చిన్న మచ్చల మిడతకు స్పర్శశృంగాల కొనలు, ముఖ్యంగా మగవాటికి, గద వలె ఉబ్బి ఉంటాయి.

చెవి కూడా పరిశోధన సాధనమే. మిడత వెనుక తొడపై గల సూక్ష్మమైన మొటిమలను ముందు రెక్కకు రాచి పాడుతుంది. పొలపు మిడత పొట్టి కూతలను విరామమిచ్చి మరల మరల వినిపిస్తుంది. ఆకుపచ్చ మిడత తొక్కకుండా దొర్లే సైకిలు చక్రం వలె చాలాసేపు ఎడతెగక టకటకలాడుతుంది. ఎండ హెచ్చినకొద్దీ పాట వేగం హెచ్చుతుంది. రెక్కలు పూర్తిగా రాని పిల్ల మిడతలకు పాట ఉండదు. వాటి జాతి నిర్ణయం కష్టం.

ఈ శ్రమ ఎందులకు?

ఒక జాతి తరిగిపోతున్నదని తెలియవలెనన్నచో ముందు దానిని సరిగా లెక్కించాలి. లెక్కించుటకు ముందు గుర్తించగలగాలి. బాంబస్ సబ్‌టెర్రేనియస్ అనే జాతి బ్రిటన్‌లో చివరిసారి 1988లో కెంట్ తీరాన డంజెనెస్‌లో కనిపించినది. 2000లో దానిని అక్కడ అంతరించినదిగా ప్రకటించిరి. అక్కడ ఆఖరి ఈగ ఎప్పుడు ఎక్కడ ఉన్నదో లోకానికి తెలియుటకు, దానిని ఇతర ఈగల నుండి వేరు చేసి చూడగలిగిన కన్నే కారణం. 2006లో ఏర్పడిన బంబుల్‌బీ కన్సర్వేషన్ ట్రస్టు వారి ‘బీవాక్’ కార్యక్రమంలో స్వచ్ఛంద కార్యకర్తలు మార్చి నుండి అక్టోబరు వరకు నెలకొకసారి ఒకే దారిన నడచి, కనబడిన ఈగలను జాతులవారీగా నమోదు చేస్తున్నారు. వారిలో పలువురు శాస్త్రజ్ఞులు కారు, సామాన్య పౌరులు. తేదీ, స్థలం, పువ్వు, సంఖ్య – ఈ నాలుగు వివరాలే సంవత్సరాలు గడచినకొద్దీ విలువైన సాక్ష్యంగా మారుతున్నవి. నిశ్చయంగా తెలియనప్పుడు ‘జాతి తెలియదు’ అని వ్రాయుట కూడా శాస్త్రధర్మమే. ఊహతో వ్రాసిన పేరు ఖాళీ కంటె హాని చేస్తుంది.

విద్యార్థి మిత్రులారా! బంబుల్ తేనెటీగ మన ప్రాంతంలో లేకపోవచ్చును గాని, ఈ పద్ధతికి ఎల్లలు లేవు. వర్షాకాలంలో కళాశాల ఆవరణలోని గడ్డిలో దూకే ప్రాణి మిడతయా, పొద కీచురాయా అన్నది దాని స్పర్శశృంగాలు ఇక్కడ కూడా చెప్పగలవు. ఒక నోటుపుస్తకం, ఒక భూతద్దం, కొంత ఓర్పు ఉంటే చాలును. పనికిరానిదని మనము పేరు పెట్టిన బీటిలో ఎవరెవరు కాపురముంటున్నారో తెలిసికొన్న పిమ్మట, దానిని బీడు అని పిలుచుటకు మనకే మనసొప్పదు.