బ్యాటరీలో ద్రవం బదులు గట్టి పదార్థం.. మంటలకు చెక్ పడుతుందా? అసలేంటీ సాలిడ్ స్టేట్?

మాక్లూర్, ఆర్మూర్ రోడ్ల మీద ఎలక్ట్రిక్ స్కూటర్ ఇప్పుడు వింతేం కాదు. కానీ రాత్రి చార్జింగ్ పెట్టి పడుకోవాలంటే మాత్రం గుబులే. భయం ఊరికే రాలేదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఓ ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు.

అసలు మంట ఎందుకు అంత త్వరగా అంటుకుంటుంది? బ్యాటరీలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య లిథియం అయాన్లు అటూ ఇటూ తిరుగుతాయి. అవి నడిచే దారే ఎలక్ట్రోలైట్. ఇప్పుడున్న బ్యాటరీల్లో అది మండే గుణమున్న ద్రవం. లోపల షార్ట్ సర్క్యూట్ అయి వేడి పెరిగితే ఇదే మంటకు ఆజ్యం పోస్తుంది.

మరి ద్రవం తీసేసి గట్టి పదార్థం పెడితే? ఇక్కడే డౌట్. గట్టి వస్తువులో అయాన్లు ఎలా కదులుతాయి? కిక్కిరిసిన బస్సులో ఎవరూ సీటు మారలేరు కదా. నాలుగు సీట్లు ఖాళీ ఉంటే ఒకరు జరుగుతారు, ఆ ఖాళీలోకి ఇంకొకరు వస్తారు. కొన్ని స్ఫటికాల్లోనూ అంతే. మిగతా అణువులు కదలకుండా ఉంటాయి, లిథియం మాత్రం ఖాళీ నుంచి ఖాళీకి దూకుతుంది.

2007లో మన భారతీయులు రామస్వామి మురుగన్, వెంకటరామన్ తంగదురై, జర్మనీ ప్రొఫెసర్ వెప్నర్‌తో కలిసి లిథియం, లాంథనం, జిర్కోనియం, ఆక్సిజన్‌తో ఇలాంటి సిరామిక్ చేశారు. 2011లో జపాన్‌లో ర్యోజి కన్నో టీమ్ గంధకంతో చేసిన పదార్థమైతే ఏకంగా ద్రవంతో పోటీ పడింది. సెంటీమీటరుకు 12 మిల్లీసీమెన్స్, అదీ మామూలు గది వేడిలోనే!

ఇంకేం, మార్కెట్లోకి రావచ్చుగా అంటారా? చిక్కులున్నాయి. గంధకం రకానికి తేమ అస్సలు పడదు. కల్లంలో ఆరబోసిన పసుపుకు వాన ఎంత శత్రువో దీనికి గాలిలో తేమ అంత. తగిలితే కుళ్లిన గుడ్డు వాసన వేసే విషవాయువు వస్తుంది. సిరామిక్‌కేమో పెళుసు, ఎలక్ట్రోడ్‌కు సరిగ్గా అతుక్కోదు. సన్నటి పగుళ్లలోంచి లిథియం సూదుల్లా పెరిగి షార్ట్ అయ్యే ముప్పూ ఉంది. అంటే 'గట్టిది కాబట్టి పేలదు' అని గ్యారంటీగా చెప్పలేం, రిస్క్ తగ్గుతుందంతే.

టయోటా తన కార్లలో 2027-28 కల్లా తెస్తామంటోంది. మన స్కూటీ దాకా రావడానికి ఇంకా టైం పడుతుంది. అప్పటిదాకా కంపెనీ చార్జరే వాడండి, బ్యాటరీని మంచం పక్కన మాత్రం పెట్టకండి.