పాస్‌వర్డ్ మేనేజర్ సేఫేనా? అన్నీ ఒకేచోట పెట్టొచ్చా?

మా తెలకపల్లిలో ఎవరి ఫోన్ చూసినా పాస్‌వర్డ్‌లు కాంటాక్ట్స్‌లోనో, తమకు తామే పంపుకున్న వాట్సాప్ మెసేజ్‌లోనో కనిపిస్తాయి. పైగా జీమెయిల్‌కి, షాపింగ్ యాప్‌కి ఒకటే పాస్‌వర్డ్. ఏదో చిన్న సైట్ నుంచి అది లీకైతే, దాంతోనే జీమెయిల్ కూడా ట్రై చేస్తారు. జీమెయిల్ పోయిందంటే మిగతావి రీసెట్ చేయడం ఈజీ.

బిట్‌వార్డెన్, కీపాస్ లాంటి మేనేజర్లు ప్రతి సైట్‌కీ వేరే పాస్‌వర్డ్ తయారు చేసి, ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తాయి. మనం గుర్తుపెట్టుకోవాల్సింది మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే. ఇంకో లాభం ఏంటంటే, నకిలీ సైట్ అచ్చం అసలుదానిలాగే ఉన్నా, అడ్రస్ తేడా ఉంటే ఆటోఫిల్ పాస్‌వర్డ్ చూపించదు.

అన్నీ ఒకేచోట ఉంటే రిస్క్ కాదా? డౌట్ కరెక్టే. 2022లో లాస్ట్‌పాస్ కస్టమర్ల వాల్ట్ కాపీలు దొంగల చేతికి పోయాయి. అందులో పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నాయి. కానీ మాస్టర్ పాస్‌వర్డ్ వీక్‌గా ఉంటే ఆ తాళం తీయడం కుదురుతుంది.

మరి స్ట్రాంగ్ అంటే ఏంటి? 8 చిన్న ఇంగ్లీష్ అక్షరాలతో సుమారు 20,900 కోట్ల పాస్‌వర్డ్‌లు కుదురుతాయి. కంప్యూటర్‌కి అది పెద్ద లెక్క కాదు. 7,776 పదాల లిస్టులోంచి పాచికలేసి 4 పదాలు తీస్తే దానికి దాదాపు 17,500 రెట్లు. 5 పదాలైతే ఇంకా బెటర్. జొన్నరొట్టె ఇష్టమని ఆ పేరు పెట్టకండి, పాచిక చెప్పిందే పెట్టండి.

అమ్మానాన్నలకు యాప్ కష్టమైతే నోట్‌బుక్‌లో రాసి బీరువాలో పెట్టండి. ఆన్‌లైన్ దొంగ బీరువా దాకా రాలేడు. యూపీఐ పిన్, ఏటీఎం పిన్ మాత్రం ఎక్కడా రాయొద్దు.