పని మానకుండా పట్టా.. దారులున్నా తప్పని ముళ్లు

హబ్సిగూడ: ఇంటర్మీడియట్ ముగిసే నాటికే కుటుంబ భారం భుజాన పడిన యువతకు డిగ్రీ చదువు అందని ద్రాక్షగానే మిగులుతోంది. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టులవారీగా పనిచేసేవారు, ఉప్పల్ కూడలి చుట్టుపక్కల వస్త్ర దుకాణాల్లో రోజంతా నిలబడి ఉద్యోగం చేసేవారు, ద్విచక్ర వాహనంపై సరకులు అందించేవారు ఇందులో ఎక్కువ. ఉదయం తెరిచి సాయంత్రం మూసే కళాశాల వీరికి అక్కరకు రాదు. కూతవేటు దూరంలోనే 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. నాగోలు నుంచి అమీర్‌పేటకు 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చాక ఉప్పల్, హబ్సిగూడ, తార్నాకల మధ్య ప్రయాణం నిమిషాల్లోకి మారింది. దూరం తగ్గినా వేళ మాత్రం కుదరడం లేదు. చదువు వేళలను, రుసుములను, బోధన పద్ధతిని మార్చి డిగ్రీని శ్రమజీవులకు చేరువ చేయాలన్న ఆలోచన ప్రపంచమంతటా సాగుతోంది. నిజానికి ఆ ఆలోచనకు దేశంలో తొలిసారి రూపం ఇచ్చింది తెలుగు నేలే.

నాలుగు దశాబ్దాల కిందటే..

బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ స్ఫూర్తితో 1982 ఆగస్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం స్థాపితమైంది. అప్పుడు ముఖ్యమంత్రి భవనం వెంకట్రామ్. ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసిన ఆచార్య జి.రామిరెడ్డి దీనికి తొలి ఉపకులపతి అయ్యారు. దేశంలో ఇదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. దీని తర్వాత మూడేళ్లకు, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికీ తొలి సారథిగా రామిరెడ్డినే ఎంచుకున్నారు. 1991లో మన విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ పేరు పెట్టారు.

ఆనాడు కంప్యూటర్లు లేవు, చరవాణులు లేవు. అయినా ఆ రూపకల్పనలో నేటికీ నేర్చుకోదగిన తెలివిడి ఉంది. కొత్త భవనాలు కట్టకుండా అప్పటికే ఉన్న కళాశాలల్లో అధ్యయన కేంద్రాలు తెరిచారు. సెలవు రోజుల్లో ఖాళీగా ఉండే గదులే తరగతి గదులయ్యాయి. అక్కడి అధ్యాపకులే బోధకులయ్యారు. పాఠ్యపుస్తకాలను ఒకరు తనకు తాను చదువుకుని అర్థం చేసుకునేలా తెలుగులో రాయించారు. ఆకాశవాణి, దూరదర్శన్ పాఠాలను ఇంటికి చేర్చాయి. ఇంటర్ గడప తొక్కనివారు సైతం నిర్దేశిత వయసు దాటితే అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అప్పట్లో కల్పించారు. బడి మానేసిన ఎందరో గృహిణులు, చిరుద్యోగులు పట్టాలు అందుకోవడానికి ఆ ఒక్క నిర్ణయం కారణమైంది. ఒకసారి పాఠం తయారుచేస్తే వేలమంది వాడుకుంటారు కాబట్టి తలసరి ఖర్చు తగ్గుతుందన్నదే దీని వెనుక లెక్క. నేటి ఆన్‌లైన్ డిగ్రీల లెక్కా అదే. అమెరికాలోని జార్జియా టెక్ 2014లో కంప్యూటర్ సైన్స్ పీజీని ఏడు వేల డాలర్ల లోపు రుసుముతో ఆన్‌లైన్‌లో ప్రారంభించడం ఇందుకు నిదర్శనం.

క్రెడిట్ అంటే..

కొత్త విధానాలన్నింటికీ మూలం ‘క్రెడిట్’ అనే కొలమానం. సెమిస్టరులో సుమారు 15 గంటల తరగతి బోధన ఒక క్రెడిట్‌కు సమానం. ప్రయోగశాల పని అయితే 30 గంటలు. యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రం ప్రకారం 40 క్రెడిట్లతో ఏడాదికి సర్టిఫికెట్, 80తో రెండేళ్లకు డిప్లొమా, 120తో మూడేళ్ల డిగ్రీ, 160తో నాలుగేళ్ల ఆనర్స్ లభిస్తాయి. ఏడాదికో, రెండేళ్లకో చదువు ఆపి బయటికి వచ్చేవారు ఆయా ధ్రువపత్రం పొందాలంటే 4 క్రెడిట్ల వృత్తి కోర్సు కూడా పూర్తిచేయాలి. మూడేళ్లలోగా తిరిగి చేరి, మొత్తం ఏడేళ్లలో డిగ్రీ ముగించవచ్చు.

పాత పద్ధతిలో రెండో ఏట చదువు మానేసినవారి చేతిలో మార్కుల జాబితా తప్ప ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు సంపాదించిన క్రెడిట్లను దాచుకోవడానికి 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఏర్పాటైంది. డిజీలాకర్ ద్వారా ఖాతా తెరవచ్చు. అయితే విద్యార్థి ఖాతా తెరిచినంత మాత్రాన సరిపోదు. విశ్వవిద్యాలయం క్రెడిట్లను అందులో జమ చేయాలి, చేరబోయే చోట వాటిని అంగీకరించాలి. మధ్యలో ఆగి మళ్లీ చేరే సౌలభ్యం అన్ని విశ్వవిద్యాలయాల్లో ఒకే తీరున అమలు కావడం లేదు. ప్రవేశానికి ముందే ఈ సంగతి అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు.

కేంద్రం 2017లో ఆరంభించిన స్వయం వేదికలో పాఠాలు ఉచితం. పరీక్ష రాసి ధ్రువపత్రం పొందాలనుకునేవారే రుసుము కట్టాలి. ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు ఈ మార్గంలో పూర్తిచేసేందుకు విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చని యూజీసీ 2021లో నిబంధన తెచ్చింది. వారంలో రెండు రోజులు కళాశాలకు రాకుండానే చదువు సాగించే వీలు దీనితో కలగాలి. కాగితంపై ఉన్న ఈ 40 శాతాన్ని వేళాపట్టికలోకి ఎక్కించే కళాశాలలే కావాలి.

మెలిక అంతా అక్కడే..

రుసుముల విషయానికి వస్తే అసలు చిక్కు బయటపడుతుంది. 2008లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వ హయాంలో విస్తరించిన బోధన రుసుముల చెల్లింపు పథకం లక్షలాది పేద కుటుంబాలను కళాశాల మెట్లు ఎక్కించిందనడంలో సందేహం లేదు. కానీ ఆ పథకం రోజూ తరగతికి వచ్చే విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని రూపొందింది. 75 శాతం హాజరు తప్పనిసరి. దూరవిద్యలో చదివేవారికి ఇది వర్తించదు. అంటే పగలు పనిచేసి జీతంలోంచి రుసుము కట్టుకునే కార్మికుడికి ప్రభుత్వ సాయం లేదు, తరగతికి రాగల స్థోమత ఉన్నవాడికి ఉంది. పేదరికం వల్ల హాజరు కాలేనివాడికి, హాజరు లేదన్న కారణంతో సాయం నిరాకరించడం ఎంతవరకు సబబన్న ప్రశ్న ఏ కమిటీ ముందుకూ గట్టిగా వచ్చినట్లు కనిపించదు.

సాయం అందేవారికీ నిశ్చింత లేదు. బకాయిలు విడుదల చేయాలంటూ 2024 అక్టోబరులో తెలంగాణలోని ప్రైవేటు డిగ్రీ కళాశాలల యాజమాన్యాలు తరగతులు బంద్ చేశాయి. సొమ్ము రాలేదంటూ విద్యార్థి నుంచే కట్టించుకున్నాక ధ్రువపత్రాలు ఇస్తున్నారన్న ఫిర్యాదులు ఏటా వినిపిస్తూనే ఉన్నాయి.

ప్రవేశాల్లో మాత్రం మార్పు స్పష్టంగా కనిపిస్తోంది. 2016లో వచ్చిన ‘దోస్త్’ ఆన్‌లైన్ విధానంతో ఒకే దరఖాస్తుతో రాష్ట్రంలోని పలు విశ్వవిద్యాలయాల పరిధిలోని కళాశాలలను ఎంచుకునే వీలు కలిగింది. కళాశాల కళాశాలకు తిరిగి దరఖాస్తు కొనే బాధ తప్పింది.

దుకాణమే తరగతి గది

పనిని చదువులో భాగం చేసే ప్రయత్నాలూ మొదలయ్యాయి. తెలంగాణలోని కొన్ని డిగ్రీ కళాశాలల్లో బీబీఏ రిటైలింగ్ కోర్సు నడుస్తోంది. వారంలో కొన్ని రోజులు తరగతి, మిగిలిన రోజులు దుకాణంలో శిక్షణ, దానికి భృతి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చారు. ఇవి మంచి మార్పులే. చిత్రమేమిటంటే, కళాశాల పంపితే దుకాణంలో చేసిన పనికి క్రెడిట్లు వస్తాయి. ఉప్పల్‌లో అదే కౌంటర్ వెనుక నాలుగేళ్లుగా నిలబడి, సరకు లెక్కలు, పన్ను రసీదులు కంఠతా వచ్చిన యువతి డిగ్రీలో చేరితే ఆ అనుభవం ఒక్క క్రెడిట్‌కూ నోచుకోవడం అరుదు. నేర్చుకున్నదాన్ని ఎక్కడ నేర్చినా పరీక్షించి గుర్తించాలన్న మాట జాతీయ విద్యా విధానంలో ఉన్నా ఆచరణ ఇంకా కళాశాల గుమ్మం వరకు రాలేదు.

తెర మీద పాఠం ఎంతవరకు?

ఐఐటీ మద్రాస్ 2020లో డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశపెట్టింది. జేఈఈ అవసరం లేదు. కొన్ని వారాల పాఠాలు నేర్పి, ఆపై అర్హత పరీక్ష పెట్టి చేర్చుకుంటారు. పాఠాలు ఆన్‌లైన్‌లో, ముఖ్య పరీక్షలు కేంద్రాల్లో ప్రత్యక్షంగా జరుగుతాయి. తక్కువ ఆదాయ వర్గాలకు రుసుములో రాయితీ ఉంది. పరీక్షను ఎదుట కూర్చోబెట్టి రాయించడం వల్లే పట్టాకు విలువ నిలుస్తుంది. ఆన్‌లైన్ అనగానే చూసి రాసే చదువు అనుకునేవారికి ఇదే జవాబు.

అయితే సాంకేతికత సర్వరోగ నివారిణి కాదు. 2020లో కరోనా వేళ ఒకే ఫోను కోసం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వంతులు వేసుకున్న ఇళ్లు మన బస్తీల్లో కొల్లలు. అప్పుడు టీ-శాట్ వంటి టీవీ పాఠాలే చాలామందికి దిక్కయ్యాయి. రసాయనశాస్త్రం చదివే విద్యార్థి పరీక్షనాళిక పట్టకుండా తెరపై చూసి నేర్చుకోలేడు. సార్వత్రిక విశ్వవిద్యాలయం సైన్సు విద్యార్థులకు అధ్యయన కేంద్రాల్లో ప్రయోగ తరగతులు పెట్టేది అందుకే. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు గంట నిడివి వీడియోను చివరిదాకా చూస్తాడనుకోవడం కూడా అత్యాశే. సందేహం అడిగితే వారంలోగా జవాబిచ్చే అధ్యాపకుడు లేకుంటే ఎంత మంచి పాఠమైనా మధ్యలోనే ఆగిపోతుంది.

చేరేముందు..

దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో ఏటా రెండుసార్లు, జులై - ఆగస్టు, జనవరి - ఫిబ్రవరి విడతల్లో ప్రవేశాలు జరుగుతాయి. యూజీసీ గుర్తింపు ఉన్న కోర్సులో పొందిన పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. ఇంజినీరింగ్, వైద్యం, ఫార్మసీ, నర్సింగ్, న్యాయశాస్త్రం వంటివి దూరవిద్యలో చెల్లవు. వాటిని ఇప్పిస్తామని కూడలిలో బోర్డు పెట్టిన ఏజెంటును నమ్మి డబ్బు కట్టరాదు. విశ్వవిద్యాలయం పేరొక్కటే కాకుండా, చేరదలచిన కోర్సుకు ఆ విద్యా సంవత్సరంలో అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. 2024 నుంచి విద్యార్థి తన పేరిట అక్కడే ‘డెబ్ ఐడీ’ సృష్టించుకోవడం తప్పనిసరి చేశారు. ఇందుకు క్రెడిట్ బ్యాంకు ఖాతా సంఖ్య అవసరం. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో ముందే సరిచూసుకోవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు అక్కడే ఆగిపోవచ్చు.